హెల్మెట్ వెనక పేరు

2013 సెప్టెంబరు. దుబాయ్‌లో జెబెల్ అలీ దగ్గర ఒక ఎనిమిదంతస్తుల భవనానికి పునాది పని జరుగుతోంది.

ఎండాకాలంలో ఇక్కడ కాంక్రీటు పోసేది రాత్రిళ్ళే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకూ ఆరుబయట ఎవరిచేతా పని చేయించకూడదని చట్టం ఉంది. అది మనుషుల కోసం. కాంక్రీటుకైతే పగటి వేడి అసలు గిట్టదు, పోసీ పోయకముందే బిగుసుకుంటుంది. అందుకని రాత్రి పది దాటాక మిక్సర్ లారీలు వరసకట్టేవి. నేను ఆ సైట్లో టైమ్‌కీపర్ని. ఎవరు ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఎవరికి ఎంత ఓవర్‌టైమ్ అని రాసుకోవడం నా ఉద్యోగం. మాది నరసరావుపేట. ఇంగ్లీషు వచ్చిన తెలుగువాడిని నేనొక్కణ్ణే కావడంతో మనవాళ్ళకీ పెద్ద ఇంజనీర్లకీ మధ్య మాట అందించే పని కూడా నామీదే పడింది.

ఆ రాత్రి మొదటి లారీ గొట్టం దించబోతుండగా ఒక రాడ్‌బెండర్ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఫోర్‌మన్ కసిరాడు. అతను ఫోర్‌మన్ని దాటుకుని నేరుగా జర్మన్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, మాట రాక, సైగ చేసి ఆయన్ని రెండో వరస స్తంభాల దగ్గరికి తీసుకెళ్ళాడు. పునాదిలోంచి పైకి లేచి నిలబడ్డ రాడ్ల పక్కన తాను నిలబడ్డాడు. మొదటి వరస రాడ్లు అతని నుదుటి దాకా వచ్చాయి. రెండో వరసవి ఛాతీ దగ్గరే ఆగాయి.

ఇది చెప్పినంత తేలిగ్గా కంటబడేది కాదు. పైన కట్టే స్తంభం రాడ్లు ఈ రాడ్లతో కొంత మేర కలిసి నడవాలి. దాన్ని ల్యాప్ అంటారు. అన్ని అతుకులూ ఒకే ఎత్తులో పడకుండా కొన్నింటిని ఎక్కువ, కొన్నింటిని తక్కువ ఎత్తులో వదలడం కూడా మామూలే. అందుకే చూసినవాళ్ళందరూ ఇదీ అలాంటిదే అనుకుని దాటిపోయారు. ఇంజనీరు టేపు తీసి కొలిచాడు. 32 మిల్లీమీటర్ల రాడ్డుకి 50 రెట్లు, అంటే 1600 మిల్లీమీటర్లు ఉండాలని డ్రాయింగు. ఉన్నది 1200. ఎనిమిది స్తంభాలకి అంతే. కాంక్రీటు పడిపోయి ఉంటే ఆ పునాదిని తొలిచి మళ్ళీ రాడ్లు దింపాల్సి వచ్చేది. లారీలన్నీ వెనక్కి పోయాయి.

మర్నాడు ఇంజనీరు నా పోర్టా క్యాబిన్‌లోకి వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, ఎండకి ముక్కు తోలు ఊడిపోయి ఉండేవాడు. “రాత్రి లారీని ఆపినతని పేరేమిటి?” అన్నాడు. మస్టర్ తిప్పి చూపించాను. ఆ పేరు మీద వేలు పెట్టి, అట్లాగే కాసేపు ఊరుకున్నాడు.

“ఫ్రీడ్రిష్,” అన్నాడు, తనలో తాను.

మేమెవరమూ ఆ పేరును అట్లా పలకలేదు. మస్టర్లో, పాస్‌పోర్టులో జర్మన్లు రాసే స్పెల్లింగే ఉంది. రికార్డుల్లో మేము దాన్ని ఫ్రెడరిక్ అనుకునేవాళ్ళం. ఈజిప్టు నుంచి వచ్చిన మా మందూబ్, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసేవాడు, ఇంకోలా అనుకునేవాడు. అరబీలో పొట్టి అచ్చులు రాయరు. ఈ పేరును అరబీలో రాస్తే మొదటి నాలుగక్షరాలూ అచ్చంగా ఫరీద్. లేబర్ కార్డు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా అతణ్ణి “యా ఫరీద్!” అని పిలిచేవాడు. ఫరీద్ అంటే సాటిలేనివాడు. బ్రిటన్ నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఫ్రిట్జ్ అనేవాడు. ఆ పేరుకి అది ముద్దుపేరే గానీ, ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సైనికులు జర్మన్ సైనికుడు ఎవడైనా సరే ఫ్రిట్జ్ అని హేళనగా పిలిచేవాళ్ళని తర్వాత తెలిసింది. మా సూపర్‌వైజర్ ఖమ్మం వైపువాడు. మొదటిరోజే, “మీ నాన్న పార్టీ మనిషా? ఏంగెల్స్ పేరు పెట్టాడు,” అని అతని భుజం తట్టాడు. ఖమ్మంలో, కృష్ణాజిల్లాలో లెనిన్, స్టాలిన్ పేర్లున్న పిల్లలు ఎందరో కదా, అతనికి అట్లా తోచడంలో వింతేమీ లేదు. తలశ్శేరి నుంచి వచ్చిన మలయాళీ స్టోర్‌కీపర్ మాత్రం, “ఇది పాద్రీల పేరు. మా ఊళ్ళో ఉండి మలయాళ నిఘంటువు చేసిన గుండర్ట్ కూడా జర్మనే,” అన్నాడు. గుండర్ట్ నిఘంటువు 1872లో వచ్చింది. కన్నడానికి కిట్టెల్ నిఘంటువు 1894లో. ఆ రెండు భాషలవాళ్ళూ ఆ జర్మన్ పేర్లను ఇంట్లోవాళ్ళ పేర్లలా పలుకుతారు. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ పేరు మనలో ఎందరికి తెలుసు? ఆ మాట స్టోర్‌కీపర్‌తో అనడానికి నాకు సిగ్గేసింది.

స్టోర్‌కీపర్ ఊహే సరైనది. ఆ సాయంత్రం ఇంజనీరు ఫ్రెడరిక్‌ని పిలిపించి, నన్ను మధ్యలో కూర్చోబెట్టి, ఈ పేరు నీకెట్లా వచ్చిందని అడిగాడు. ఫ్రెడరిక్ నిలబడే చెప్పాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మాది గురజాల పక్కన సార్. మా తాతకి తాత హయ్యర్ దొర దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్నాడంట. దొర పేరులో ముక్కే ఆయనకి పెట్టారు. అప్పట్నుంచీ తాత పేరు మనవడికి వస్తానే ఉంది. మా తాత బైబిలు మొదటి కాయితంలో ఈ స్పెల్లింగే ఉంటది. బడిలో అదే రాయించారు.”

హయ్యర్ దొర సంగతి ఇంజనీరుకి నేను చెప్పాల్సి వచ్చింది. గుంటూరు ప్రాంతంలో పెరిగినవాడికి అది తెలియకపోదు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అమెరికా లూథరన్ సంఘం పంపించింది. 1849లో పల్నాడు వెళ్ళి గురజాలలో ఉన్నాడు. ఆ తర్వాత అమెరికా తిరిగి వెళ్ళి, రాజమండ్రి మిషన్‌ను ఇంగ్లండు చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించేయబోతున్నారని విని, డెబ్భై ఆరేళ్ళ వయసులో 1869లో మళ్ళీ ఓడెక్కాడు. ఆ రోజుల్లో, ఆ వయసులో! ఆ మనిషి సాహసం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆయన పుట్టుకతో అమెరికన్ కాదు. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్.

హెల్మ్‌స్టెట్ అనగానే ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. ఆయనది బ్రౌన్‌ష్వైగ్. రెండు ఊళ్ళకీ మధ్య నలభై కిలోమీటర్ల లోపే.

“మా ఊరి పక్కన పుట్టిన మనిషి పేరు మీ ఊళ్ళో నూట అరవై ఏళ్ళుగా బతికుందా?” అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. ఆ పేరు వింటే వాళ్ళ దగ్గర ముందుగా గుర్తొచ్చేది ప్రష్యా రాజు, గ్రేట్ అని బిరుదున్న రెండో ఫ్రీడ్రిష్. ఆ తర్వాత గుర్తొచ్చేది గోడమీద చెక్క ఫ్రేములో బిగుతైన కాలరుతో, నవ్వకుండా కూర్చున్న తాత. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వీధికి నలుగురుండేవాళ్ళట. ఆయన చిన్నప్పటికే అది ముసలిపేరైపోయింది. “మా తాత పేరు కూడా ఇదే. యుద్ధానికి రష్యా వైపు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మా నాయనమ్మ ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఆ పేరు పెట్టనివ్వలేదు. పిలిస్తే పలికే మనిషి ఒకడే అనేది,” అన్నాడు. ఆ పేరుకి అర్థం కూడా చెప్పాడు. ఫ్రీడె అంటే శాంతి. రైష్ అంటే ఇవాళ్టి జర్మన్‌లో కలిగినవాడు, ఉన్నవాడు. పాతకాలం భాషలో ఏలేవాడు. శాంతంగా ఏలేవాడని ఆ రెండూ కలిసిన పేరు.

నేను తెలుగులో చెప్పాను. ఫ్రెడరిక్ తలొంచుకుని విన్నాడు. సెలవు తీసుకుని బయటికి నడుస్తూ హెల్మెట్ పెట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది ఇంజనీరుకి.

మా హెల్మెట్లకి ముందువైపు పేరూ నంబరూ ఉన్న స్టిక్కరు ఉండేది. అతని హెల్మెట్ వెనకవైపు నల్ల మార్కరుతో తెలుగులో ఇంకొకటి రాసి ఉంది. గదిలో వాళ్ళెవరో రాసిందే. అతను చెరపలేదు.

“అది మీ లిపిలో అతని పేరా?” అన్నాడు ఇంజనీరు.

అక్కడ రాసి ఉన్నది “పేదరికం”.

దాని కథ నాకు తెలుసు. వాళ్ళ నాయనమ్మకి ఫ్రె అనడం నోరు తిరిగేది కాదు. పెదరిక్కు అని పిలిచేది. అందులో ముద్దు తప్ప మరొకటి లేదు. ఆరో తరగతిలో ఒక మాస్టారు హాజరు పిలుస్తూ, అతని చిరిగిన చొక్కా వైపు చూసి, “ఏరా, పేదరికమా, వచ్చావా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. బడినుంచి అది ఊళ్ళోకి పోయింది. ఊళ్ళోంచి ఒక దూరపు బంధువు వెంట విమానమెక్కి దుబాయ్ వచ్చింది. సోనాపూర్ క్యాంపులో అతని మంచానికి, అతని బిందెకి, అతని హెల్మెట్‌కి అదే పేరు. పొద్దున నాలుగున్నరకి బస్సు దగ్గర హాజరు తీసుకుంటూ నేనూ అట్లాగే పిలిచాను. ఒకసారి కాదు, ఏడాది పొడుగునా. అది తప్పని నాకు ఆ సాయంత్రం దాకా తోచలేదు.

“అవును సార్. అతని పేరే. మా వైపు అట్లా పలుకుతారు,” అన్నాను.

“అర్థం కూడా అదేనా?”

శాంతంగా ఏలేవాడు అని ఇప్పుడే వివరించిన మనిషి కళ్ళలోకి చూస్తూ, ఆ మాటకి అర్థం చెప్పడానికి నాకు నోరు రాలేదు. “అదే సార్,” అన్నాను. తలుపు దగ్గర ఫ్రెడరిక్ ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయాడు.

ఇంజనీరు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి నాచేత ఆ మాట రాయించుకున్నాడు. నాలుగక్షరాలూ, చివర సున్నా. దానికింద తన లిపిలో పలుకు రాసుకున్నాడు. ఆ రాత్రే నేర్చుకున్నట్టున్నాడు. మర్నాడు పొద్దున సైట్లో అందరి ముందూ, రెండు చేతులూ చాచి, “గూటెన్ మోర్గెన్, పేదరికం!” అన్నాడు.

మనవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి చేతకాలేదేమో. ఫ్రెడరిక్, “గుడ్ మార్నింగ్ సార్,” అన్నాడు.

తర్వాత ఎనిమిది నెలలు, ఆయన ఆ సైట్లో ఉన్నన్నాళ్ళూ, అట్లాగే పిలిచాడు. అంత మర్యాదగా, అంత ప్రేమగా ఆ మాటను పలికినవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. బైండింగ్ వైరు హుక్కుతో ముడి తిప్పడం ఫ్రెడరిక్ దగ్గర నేర్చుకున్నాడు. ఫ్రెడరిక్ ముడి వేస్తే వైరు కొస లోపలికి ఒదిగిపోయేది, చేతికి గుచ్చుకునేది కాదు. అది చూసి ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. అతనికి జీతం పెంచమని ఆఫీసుకి స్వయంగా రాశాడు. అప్పుడు ఫ్రెడరిక్ జీతం తొమ్మిది వందల దిర్హమ్‌లు. యాభై పెరిగింది. నాతో ఎన్నోసార్లు ఒంటరిగా కూర్చున్నాడు, టీ తాగాడు. ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకున్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది.

ఫ్రెడరిక్‌కి అప్పటికి ఒక కొడుకు పుట్టి ఉన్నాడు. వాడికి తాత పేరు రావాలి, వంతు ప్రకారం. కానీ అది ఎట్లా ఉన్నా, వాడి కొడుక్కి ఫ్రెడరిక్ అనే పేరు దాటించకూడదని అతను అప్పుడే నిశ్చయించుకున్నాడు. “నేను పోయినాక మా ఇంట్లో ఆ పేరు ఉండదు సార్. ఎవరి నోట్లోనూ వంకర తిరగని పేర్లు పెట్టుకుంటాం,” అన్నాడు నాతో ఒకసారి, శుక్రవారం ఊద్ మేథాలో చర్చి నుంచి తిరిగొస్తూ. ఐదారు తరాలు నడిచొచ్చిన పేరు అట్లా ఆగిపోవడం నాకు మనసులో కలుక్కుమంది. ఆగిపోవడంలో నా నోటికీ వాటా ఉంది.

సైటు అయిపోయింది. తలా ఒక చోటికి పోయాం.

పన్నెండేళ్ళు తిరిగాక, ఈ ఫిబ్రవరిలో, ఇంజనీరు దగ్గర్నుంచి ఈ-మెయిలు వచ్చింది. రిటైరై బ్రౌన్‌ష్వైగ్‌లోనే ఉంటున్నాడు. కూతురికి కొడుకు పుట్టాడు. మూడున్నర కిలోలు. నాయనమ్మ నిషేధం ఎత్తేసి, ఎనభై ఏళ్ళ తర్వాత ఇంట్లో మళ్ళీ ఫ్రీడ్రిష్ అని పెడుతున్నారట. పాత పేర్లు ఇప్పుడు అక్కడ మళ్ళీ పిల్లలకి పెడుతున్నారని సంతోషంగా రాశాడు. ఒక్క ఫ్రీడ్రిష్ చాలదట. తన తాతతో పాటు, ఎడారిలో ఒక రాత్రి తన పరువు నిలబెట్టిన మనిషి పేరు కూడా బాబుకి ఉండాలని, రెండో పేరుగా ఆ మాటనే పెట్టాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారట.

కింద నోట్‌బుక్ పేజీ ఫొటో జతచేశాడు. నా చేతిరాత. పేదరికం.

జర్మనీలో పిల్లల పేర్లు నమోదుచేసే ఆఫీసువాళ్ళు ఏ పేరు పడితే ఆ పేరు రాయరు. తెలియని పేరైతే, అది నిజంగా ఎక్కడైనా మనుషులకి పెట్టే పేరేనా అని రుజువు అడుగుతారు. పిల్లవాడికి తలవంపులు తెచ్చే పేరైతే కాదనేస్తారు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటివి తేల్చి చెప్పడానికి ఒక విభాగమే ఉంది. పుట్టిన నెలలోపు ఇది తెమలాలి. అందుకని ఇంజనీరు మమ్మల్ని ఒక కాగితం అడిగాడు. ఇది తెలుగువాళ్ళలో ఉన్న పేరే, దీని అర్థం ఫలానా, దీనివల్ల పెట్టుకున్నవాడికి ఎలాంటి అవమానమూ కలగదు అని రాసి, నేనూ, ఆ పేరుగల మనిషీ సంతకం చేయాలి.

ఫ్రెడరిక్ ఇప్పుడు షార్జాలో సజా క్యాంపులో ఉంటున్నాడు. అదే రాడ్‌బెండింగ్ పని. వేళ్ళు కొంచెం వంకరపోయాయి, కళ్ళజోడు వచ్చింది. ఆదివారం పొద్దున వెళ్ళాను. క్యాంపు ముందున్న కెఫెటీరియాలో రెండు కరక్ టీలు చెప్పి, ఈ-మెయిలు మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ఆ తర్వాత, పన్నెండేళ్ళుగా గొంతులో ఉన్నది బయటపెట్టాను.

“ఆ రోజు నేను అబద్ధం చెప్పాను ఫ్రెడరిక్. నన్ను క్షమించు. ఇవాళ ఆయనకి ఉన్నదున్నట్టు రాసేస్తాను. పసిబిడ్డకి ఆ మాట పేరుగా పెట్టనివ్వడం పాపం.”

“మీరు చెప్పింది ఆ రోజే అర్థమైంది సార్,” అన్నాడు. “తలుపు కాడ విన్నా.”

ఫోను నా చేతిలోంచి తీసుకుని బాబు ఫొటో పెద్దది చేసుకుని చూశాడు. తెల్లటి ఊలు టోపీ, పిడికిలి బిగించి నిద్రపోతున్నాడు. వెనక కిటికీలోంచి మంచు పట్టిన తోట, అందులో పెద్ద చెట్టు కనిపిస్తున్నాయి. చాలాసేపు చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

“పెన్నుందా సార్?” అన్నాడు.

ఇచ్చాను. నేను తెచ్చిన తెల్లకాగితం దగ్గరికి లాక్కుని, అడుగున, ఒక్కో అక్షరం జాగ్రత్తగా, తాత బైబిల్లో ఉన్న స్పెల్లింగుతో సంతకం చేశాడు. పైన అంతా ఖాళీ వదిలి కాగితం నావైపు జరిపాడు.

“ఆ పేరు ఉంది, మంచిదేనని రాసెయ్యండి సార్. పెట్టుకోనివ్వండి. ఆ బాబుకి అది వొట్టి పేరేగా.”